1950 నాటి గరగరల రికార్డింగ్: స్ట్రాస్ ‘నాలుగు చివరి పాటలు’ మొదటి కచేరీని ఎలా వినాలి?

ప్రశ్న: జర్మన్ స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ ‘నాలుగు చివరి పాటలు’ మొట్టమొదట పాడిన 1950 లండన్ కచేరీ రికార్డింగ్ యూట్యూబ్‌లో విన్నాను. నూనెలో ఆవాలు చిటపటలాడినట్టుంది, పాట సగం వినబడనే లేదు. దీన్ని ఎందుకు అంత గొప్పగా చెబుతారు? ఖర్చు మైసూరు మహారాజు పెట్టుకున్నారన్నది నిజమేనా? కొత్తగా వినేవాడు దీంతో మొదలుపెట్టొచ్చా?

జవాబు:

చివరి ప్రశ్నకి ముందు చెబుతాను. వద్దు. దీంతో మొదలుపెడితే స్ట్రాస్ మీదే విరక్తి పుడుతుంది. నాకు అలాగే అయింది. ఎవరో కాపీ చేసిచ్చిన క్యాసెట్‌లో విని, రెండు నిమిషాలకే ఆపేసి, మళ్లీ ఏళ్ల తరబడి ఆ పాటల జోలికి పోలేదు. ముందు లిజా డెల్లా కాసా 1953లో వియన్నాలో కార్ల్ బోమ్ నడిపిన ఆర్కెస్ట్రాతో పాడింది వినండి. లేదా 1973లో గాయని గుండులా యానోవిట్స్, కండక్టర్ కరాయన్ చేసింది వినండి. నాలుగు పాటలూ నోటికి రానక్కర్లేదు గానీ చెవికి బాగా అలవాటు కావాలి. తెలిసిన కీర్తన పక్కింటి రేడియోలో గోడ అవతల నుంచి వచ్చినా మనం పోల్చుకుంటాం కదా, వినబడని చోట మన చెవే పూరించుకుంటుంది కదా. ఈ రికార్డింగ్‌కి ఆ పూరించుకునే చెవి ముందు సిద్ధం కావాలి.

మహారాజు సంగతి నిజమే. 1950 మే 22న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఆ కచేరీ జరగడానికి జయచామరాజేంద్ర వడయార్ 4,800 డాలర్లకు హామీ పడ్డారు. అప్పటి మారకం ప్రకారం 22 వేల రూపాయల పైచిలుకు. ఆయన కచేరీకి వెళ్లలేదు. రికార్డు చేసి మైసూరుకి పంపించాలన్నదే ఆయన కోరిక. అప్పటికే ఆయన దగ్గర ఇరవై వేల రికార్డులున్నాయని అంచనా. అప్పుడాయనకి ముప్పై ఏళ్లు. నాలుగు నెలల కిందటే మన రాజ్యాంగం అమల్లోకి వచ్చింది, ఆయన రాజు పోయి రాజప్రముఖ్ అయ్యారు.

ఏదో జమీందారీ సరదాకి డబ్బు విసిరారు అనుకోకండి. లండన్ గిల్డ్‌హాల్ సంగీత పాఠశాల నుంచి పియానోలో లైసెన్షియేట్ పట్టా ఉన్న మనిషి. ఆ రాత్రి వాయించిన ఫిల్హార్మోనియా ఆర్కెస్ట్రాని పెట్టిన వాల్టర్ లెగ్ అంతకు ముందు ఏడాదే మైసూరు వచ్చి వారాల తరబడి ఉన్నాడు. రాజభవనంలో రికార్డుల లైబ్రరీ, రకరకాల లౌడ్‌స్పీకర్లు, కచేరీ పియానోలు చూసి నోరు వెళ్లబెట్టినంత పని చేశాడు. ఏడాదికి పది వేల పౌండ్ల చొప్పున మూడేళ్లు సాయం చేస్తానన్న మాట తీసుకుని వెళ్లాడు. నికొలాయ్ మెట్నర్ అనే రష్యన్ స్వరకర్త లండన్‌లో ఎవరికీ పట్టని ముసలివాడై ఉంటే, ఆయన సంగీతాన్ని రికార్డు చేయించింది కూడా ఈ మైసూరు డబ్బే.

ఇదే మహారాజు మన సంగీతంలో తొంభై నాలుగు కృతులు కట్టారు. ఆయన గురువుల్లో మైసూరు వాసుదేవాచార్యులు ఒకరు. ‘బ్రోచేవారెవరురా’ అని మనం కచేరీల్లోనూ సినిమాలోనూ విన్న ఖమాస్ కృతి ఆ ఆచార్యులదే, తెలుగులో రాసిందే. అంటే ఆ లండన్ కచేరీ గాయని ఫ్లాగ్‌స్టాడ్ పాడిన ప్లేట్లు తనకి కావాలని అడిగిన మనిషి చెవి సగం వాసుదేవాచార్యుల దగ్గర తయారైంది. ఇంకో ముచ్చట. స్ట్రాస్ ఈ పాటలు రాసింది 84వ ఏట. లండన్‌లో ఈ కచేరీ జరిగేనాటికి వాసుదేవాచార్యులకి 85 నిండటానికి ఇంకా ఆరు రోజులు. ఆ తర్వాత ఆయన మద్రాసు కళాక్షేత్రంలో కూర్చుని రామాయణ నృత్యనాటకాలకి బాణీలు కట్టారు. చివరి పాటలు అనే మాట ఆయన దగ్గర చెల్లేది కాదు.

ఇక గరగర. నేను పాత ప్లేట్లని టేపుకీ, తర్వాత కంప్యూటర్‌కీ ఎక్కించే పనిలో ముప్పై ఏళ్లు గడిపాను కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ మాట్లాడతాను, ఓపిక పట్టండి.

ఆ రాత్రి రికార్డు చేసింది అసిటేట్ ప్లేట్ల మీద. పేరుకే అసిటేట్, అందులో ఆ పదార్థం ఉండదు. అల్యూమినియం పళ్లెం మీద నైట్రోసెల్యులోజ్ లక్క పూత. మామూలు గ్రామఫోన్ ప్లేటు అచ్చులో గట్టిగా నొక్కి తీసింది. ఇది అలా కాదు. కచేరీ జరుగుతుండగానే ముల్లు ఆ మెత్తటి పూతని కోసుకుంటూ పోతుంది. కోసినప్పుడు నల్లటి దారంలా పొట్టు లేస్తుంది, దాన్ని ఎప్పటికప్పుడు తీసేయాలి. ఆ పొట్టుకి నిప్పు తగిలిందా, భగ్గుమంటుంది. పూత మెత్తగా ఉండటానికి అందులో ఆముదం కలుపుతారు. అవును, మన ఆముదమే. కాలం గడిచేకొద్దీ ఆ ఆముదం విరిగి తెల్లటి పొడిలా పైకి తేలుతుంది. చూస్తే అచ్చం బూజే.

ఆ బూజు దగ్గర నేనొక పాపం చేశాను. తొంభైల్లో ఒక కుటుంబం వాళ్లు తాతగారి హరికథ ఉన్న ప్లేటు తెచ్చిచ్చారు. ఒక్కటే ప్లేటు, ఇంకెక్కడా కాపీ లేదు. బూజే కదా అని దూదికి స్పిరిట్ అద్ది అంచు మీద ఒక్కసారి తుడిచాను. దూది నల్లబడింది. పోయింది మురికి కాదు, పాట. ఆ అంచున ఉన్న అర నిమిషం, తాతగారు గొంతు సవరించుకుని గణపతి ప్రార్థన ఎత్తుకునే చోటు, మళ్లీ రాలేదు. వాళ్లు నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది. అప్పటి నుంచి లక్క ప్లేటు కనిపిస్తే చేతులు వెనక్కి పెట్టుకుని ముందు పది నిమిషాలు ఊరికే చూస్తాను.

ఇలాంటి ప్లేటు కొద్దిసార్లు మోగించడానికి చేసింది. ఆనాటి బరువైన పికప్‌, అంటే సూది ఉండే తల, పెట్టి మోగించిన ప్రతిసారీ గాడి గోడ కొంచెం అరుగుతుంది. ముందుగా అరిగేది పై స్థాయి స్వరాలే, అంటే వయొలిన్ల మెరుపు, జర్మన్ మాటల్లోని ష, స, ట శబ్దాలు. ఈ స్ట్రాస్ ప్లేట్లని మొదటిసారి ఎల్పీకి ఎక్కించే నాటికే బాగా అరిగిపోయాయి. ఆ ఎల్పీని అప్పట్లోనే చాలామంది తిట్టిపోశారు. మీరు యూట్యూబ్‌లో విన్నది బహుశా దాని పిల్లో, పిల్ల పిల్లో అయి ఉంటుంది.

కొందరు ఆ చిటపట మొత్తం తీసేసిన కాపీలు పెడతారు. అవి ఇంకా దండగ. సూది చప్పుడూ, గాయని పలికే ‘స’ కారమూ ఒకే పౌనఃపున్యాల్లో ఉంటాయి. ఒకదాన్ని తీస్తే రెండోది కూడా పోతుంది. మిగిలేది దుప్పటి కప్పుకుని పాడుతున్న గొంతు. 2007లో టెస్టమెంట్ కంపెనీకి రోజర్ బేర్డ్‌స్లీ బాగుచేసింది, 2014లో ప్రిస్టీన్ ఆడియోకి ఆండ్రూ రోజ్ బాగుచేసింది ఉన్నాయి. ఈ రెంటిలో ఏది దొరికినా చాలు. చిటపట ఉంటుంది. ఉండనివ్వండి.

వినేటప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టకండి. ఆవాలన్నీ సరాసరి చెవిలో పేలతాయి. గదిలో అటు చివర ఒక్క స్పీకర్ పెట్టి, ట్రెబుల్ కొంచెం తగ్గించి, ఇటు చివర కూర్చోండి. ఎలాగూ మోనోయే. ఇంకో చిట్కా: ఆఖరి పాట ఈ ఫ్లాట్ మేజర్‌లో ఉంటుంది, అంటే మన లెక్కలో రెండున్నర శ్రుతి. శ్రుతిపెట్టె రెండున్నరకి పెట్టి పోల్చి చూడండి. అర శ్రుతి పైకో కిందకో పోయిందంటే ఆ కాపీ తిప్పిన వేగమే తప్పు, వదిలేసి ఇంకోటి వెతుక్కోండి. ఇంతకంటే ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు.

సరే, ఇంత కష్టపడి ఎందుకు వినాలి?

నన్నడిగితే ఒక్కటే కారణం. ఆ రాత్రి పాడుతున్నవాళ్లకి ఇవి ‘నాలుగు చివరి పాటలు’గా ఇంకా అలవాటు కాలేదు. ఇప్పుడు ఎవరు పాడినా ఈ పాటల మీద ఓ పూజ గది వాతావరణం వచ్చి కూర్చుంటుంది. లయ నెమ్మదిస్తుంది, అందరూ ఊపిరి బిగబడతారు, ముసలాయన వీడ్కోలు అని కార్యక్రమం పుస్తకంలో రాస్తారు. 1982లో జెస్సీ నార్మన్ పాడింది నాకు ప్రాణం, కానీ అందులో ఆఖరి పాట సూర్యుడు అస్తమించనని మొండికేసినట్టు సాగుతుంది. 1950లో ఆ అలవాటు ఇంకా పుట్టలేదు. కాగితం మీద సిరా ఆరి దాదాపు రెండేళ్లే అయిన పాటలు. వాటిని పాటల్లాగే పాడారు.

అసలు ‘నాలుగు చివరి పాటలు’ అన్న పేరు స్ట్రాస్ పెట్టలేదు. ఆయన పోయాక బూజీ అండ్ హాక్స్ ప్రచురణ సంస్థలో ఉన్న మిత్రుడు ఎర్నెస్ట్ రోత్ పెట్టి 1950లో అచ్చు వేశాడు. ఇప్పుడు మనం వినే వరస కూడా రోత్ పేర్చిందే: వసంతం, సెప్టెంబర్, నిద్రకు వెళ్తూ, సంజెవెలుగులో. పుట్టుక నుంచి చావుదాకా చక్కగా కథలా నడుస్తుంది కదా? స్ట్రాస్ రాసిన వరస అది కాదు. ఐషెన్‌డార్ఫ్ కవితకి కట్టిన ‘సంజెవెలుగులో’ 1948 మే 6న అన్నిటికంటే ముందే పూర్తయింది. తర్వాత హెర్మన్ హెస్సే కవితలు మూడు: జూలైలో వసంతం, ఆగస్టులో నిద్ర, సెప్టెంబర్‌లో సెప్టెంబర్. అదీగాక ఇవి నిజంగా చివరివి కూడా కావు. అదే నవంబర్‌లో పియానోతో ఇంకో చిన్న పాట రాసి గాయని మరియా యెరిట్సాకి పంపాడు. ఆమె దాన్ని ఎవరికీ చూపకుండా దాచుకుంది. ఆమె 1982లో పోయాకే బయటపడింది. అందుకే వీటిని ఒక మాలగా, సైకిల్‌గా లెక్కేయాలా వద్దా అని పండితులు ఇంకా కొట్టుకుంటూనే ఉంటారు. ఆ గొడవ మనకొద్దు. హెస్సే గురించి మాత్రం ఒక చిన్న మాట: వాళ్లమ్మ పుట్టింది మన దేశంలోనే, కేరళ తలస్సేరిలో. తాత హెర్మన్ గుండర్ట్ మలయాళానికి నిఘంటువు రాసిన మిషనరీ.

మే 22 రాత్రి పాడిన వరస ఇంకోటి: నిద్రకు వెళ్తూ, సెప్టెంబర్, వసంతం, సంజెవెలుగులో. యూట్యూబ్‌లో కొందరు ముక్కలని తిరగేసి మామూలు వరసలో పెడుతున్నారు, దయచేసి అవి వినకండి. కచేరీ వరసలో వింటే ఆ కథంతా చెదిరిపోతుంది. పగలంతా అలసి నిద్ర కోరుకునే గొంతుతో మొదలవుతుంది. తర్వాత వానలో చల్లబడే తోట. ఆ తర్వాత హఠాత్తుగా వసంతం. ఆ వరస ఎందుకంటే, నా ఊహ చెబుతాను, ఊహ అనే అనుకోండి. వసంతం పాట నాలుగింటిలోకీ పైకి ఎగబాకేది. వర్ణంతో గొంతు వేడెక్కించుకోకుండా మన విద్వాంసులు పెద్ద కృతి ఎత్తుకుంటారా?

కిర్‌స్టెన్ ఫ్లాగ్‌స్టాడ్‌కి అప్పుడు 54 ఏళ్లు. నార్వే మనిషి. వాగ్నర్ భారీ ఒపెరాలు పాడటానికే పుట్టిందన్నట్టుండే గొంతు. కొన్ని వారాల ముందే మిలాన్ లా స్కాలాలో, ఈ లండన్ కచేరీ నడిపిన కండక్టర్ ఫుర్ట్‌వెంగ్లర్‌తోనే వాగ్నర్ నాలుగు రాత్రుల ‘రింగ్’లో పాడి వచ్చింది. లండన్ కచేరీలో కూడా స్ట్రాస్ పాటలతో ఆగలేదు, వాగ్నర్ కూడా ఉంది. అలాంటి గొంతుకి వసంతం పాటలోని పై సంచారాలు ఇరుకు వీధిలో లారీ తిప్పినట్టే. విన్నప్పుడు మీకే తెలుస్తుంది. దాచడానికేమీ లేదు. రెండేళ్ల తర్వాత వాగ్నర్ ఒపెరా ‘ట్రిస్టన్’ స్టూడియో రికార్డింగ్‌లో ఆమె బదులు పై సీ స్వరాలు ఎలిజబెత్ ష్వార్జ్‌కాఫ్ పలికిందన్నది అందరికీ తెలిసిన రహస్యమే.

కానీ మిగతా మూడు పాటల్లో అదే బరువు వరం. ఇప్పటి గాయనులు చాలామంది ఈ పాటలని పట్టుదారం మీద నడిచినట్టు పాడతారు. ఫ్లాగ్‌స్టాడ్ నేల మీద నడుస్తుంది. స్ట్రాస్ తనే ఆమెకి ఉత్తరం రాశాడు, మంచి ఆర్కెస్ట్రా, మంచి కండక్టర్‌తో మొదటిసారి నువ్వే పాడాలని. చిన్న గొంతు ఆయన మనసులో లేదని అర్థం. ఆయన ఆ కచేరీ వినలేదు. 1949 సెప్టెంబర్ 8న పోయాడు. భార్య పౌలీనా కూడా వినలేదు. ఆవిడా గాయనే, యాభై అయిదేళ్ల కాపురం. కచేరీకి సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, మే 13న పోయింది.

ఇది తెలిశాక ఆఖరి పాట వినడం కష్టం. కష్టంలోనూ సుఖంలోనూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచాం, ఇక ఆగి సేదదీరుదాం అని ఇద్దరు ముసలివాళ్లు చెప్పుకునే మాటలు. చుట్టూ లోయలు, చీకటి పడుతోంది, రెండు భరతపక్షులు మాత్రం ఇంకా పైకి ఎగురుతున్నాయి. చివరికి ఒక ప్రశ్న: ఇదేనేమో చావు? ఆ మాట దగ్గర ఆర్కెస్ట్రాలో స్ట్రాస్ కుర్రతనంలో, అరవై ఏళ్ల కిందట రాసుకున్న మృత్యువు గురించిన వాద్యరచనలోని స్వరాలు మెల్లగా వస్తాయి. ఫ్లాగ్‌స్టాడ్ ఆ ప్రశ్నని ఏడుపుగా పాడదు. వంటింట్లోంచి వర్షం మొదలైందా అని అడిగినట్టు అడుగుతుంది. ఎన్ని రికార్డింగులు విన్నా అలా అడిగినవాళ్లు నాకింకొకరు దొరకలేదు.

ఇది సాధువుల కచేరీ అని మాత్రం చెప్పను. స్ట్రాస్ 1933 నుంచి రెండేళ్లు నాజీ ప్రభుత్వ సంగీత మండలికి అధ్యక్షుడు. ఫుర్ట్‌వెంగ్లర్ జర్మనీలోనే ఉండిపోయి, యుద్ధం అయ్యాక విచారణ ఎదుర్కొన్నాడు. ఫ్లాగ్‌స్టాడ్ భర్తని శత్రువులతో చేతులు కలిపాడని నార్వేలో అరెస్టు చేశారు, కేసు తేలకముందే పోయాడు. బాంబులు పడ్డ లండన్‌లో, అయిదేళ్లకే, ఈ ముగ్గురి పేర్లతో జర్మన్ పాటల కచేరీ. ఖర్చుకి హామీ పడినవాడు మూడేళ్ల కిందటే బ్రిటిష్ పాలన నుంచి బయటపడ్డ దేశంలో ఉన్నాడు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు కాస్త నవ్వొస్తుంది.

వినేటప్పుడు రెండు చోట్ల ప్రత్యేకంగా చెవి పెట్టండి. ఒకటి, ‘నిద్రకు వెళ్తూ’లో రెండో చరణం అయ్యాక వచ్చే ఒంటరి వయొలిన్. అది ఎత్తుకున్న బాణీనే తర్వాత గొంతు అందుకుంటుంది. ప్లేటు ఎంత అరిగినా ఆ వయొలిన్ చావలేదు. రెండోది ‘సెప్టెంబర్’ చివర వచ్చే హార్న్. స్ట్రాస్ తండ్రి మ్యూనిక్ ఆస్థానంలో హార్న్ వాయించేవాడు. కొడుకు ముసలితనంలో రాసిన ఈ పాటలో గాయని ఆగిపోయాక మిగిలేది నాన్న వాద్యమే.

అనువాదం ముందు పెట్టుకుని, మొత్తం ఒక్క బిగిన వినండి. పాతిక నిమిషాలు కూడా పట్టదు. మొదటిసారికి నచ్చకపోతే వారం ఆగి మళ్లీ పెట్టండి. ఆఖరి పాటలో భరతపక్షుల కూతలు ఫ్లూట్ల మీద వస్తాయి, ఈ ప్లేట్ల మీద అవి చిటపటలో కలిసిపోయినట్టుంటాయి. నాకు ఏది పిట్టో, ఏది ఆవగింజో తెలియడానికి నాలుగైదుసార్లు పట్టింది. మీ చెవులు కుర్రవి, రెండుసార్లు చాలేమో.